పొలిమేర దివ్వె

పొద్దున కొండచిలువ నోట్లోంచి మేకపిల్లను లాగి బతికించిన వీరుడు, అదే రోజు పొద్దువాలే వేళకు, తలపాగాలో పురుగు దూరిందని నడిబాటలో గంతులు వేస్తున్నాడు.

చెప్పుకుంటే సిగ్గుచేటు గానీ, జరిగింది జరిగినట్టు చెప్పకపోతే కథ ముందుకు కదలదు. శాలిపుర యువరాజు కీర్తిధరుడికి పులి అంటే భయం లేదు. మదపుటేనుగు అంటే లెక్కలేదు. ఊబి దాటాడు, భూతాల బావిలో దిగి చెక్కుచెదరకుండా పైకొచ్చాడు. కానీ రెక్కలున్న పురుగు ఒకటి మెడ మీద వాలిందా, ఇక అతడికి పైప్రాణాలు పైనే పోతాయి. ఈ సంగతి కన్నవాళ్ళకు తెలియదు, గురువుకు తెలియదు, ప్రజలకు అసలే తెలియదు. తెలియకుండా దాచుకోవడానికి పడిన అవస్థ అతడు కత్తిసాము నేర్చుకోవడానికి కూడా పడలేదు.

తలపాగా విప్పి విసిరికొట్టాడు. అది పోయి బురదగుంటలో పడింది. అందులోంచి ఒక పేడపురుగు తాపీగా బయటికొచ్చి తన దారిన తాను పోయింది. వెనకనుంచి గొల్లున నవ్వులు వినిపించాయి.

తిరిగి చూస్తే ఎద్దుబండ్ల బిడారు. బండ్లనిండా కానుగనూనె కుండలు. ముందుబండి నొగ మీద చర్నాకోల పట్టుకుని ఒక స్త్రీ కూర్చుని ఉంది. దిట్టమైన మనిషి, నెరుస్తున్న జుట్టును నడినెత్తిన ముడివేసుకుంది. బండ్లవాళ్ళు కడుపు పట్టుకుని నవ్వుతున్నా ఆమె నవ్వలేదు. బండి దిగి, బురదలోంచి తలపాగా తీసి, పిండి, అతడి చేతిలో పెట్టింది.

“యాడికబ్బీ పోయేది?”

తన పేరు సిద్ధయ్య అనీ, గాజులమ్ముకు బతికేవాడిననీ, కనుమ అవతలి ఊళ్ళకు పోతున్నాననీ చెప్పాడు కీర్తిధరుడు. భుజాన గాజుల మలారం ఉంది కాబట్టి ఎవరూ అనుమానించలేదు. ఆ మలారంలో ఎర్రగాజుల వరసల కింద చుట్టిపెట్టిన ఖడ్గం సంగతి గానీ, అతడు నిజంగా పోతున్నది పుట్టలకొండకనీ, అక్కడి మాంత్రికుడు శలభాక్షుడి తల నరకడానికనీ గానీ వాళ్ళకేం తెలుసు. పాపం, ఆ కొండ దారి పట్టిన దగ్గరనుంచి మాంత్రికుడి మాయ అతణ్ణి గానుగెద్దులా తిప్పి తిప్పి, చివరికి శాలిపురానికి ఒక పూట ప్రయాణంలో ఉన్న ఈ కనుమ దగ్గరే వదిలిపెట్టింది.

ఆమె పేరు కొమ్మక్క. బిడారుకు నాయకురాలు. ఎద్దుల చెవుల వైపొకసారి, ఆకాశం వైపొకసారి చూసి, ఈ పూట పుట్టల్లోంచి రెక్కల ఉసిళ్ళు లేస్తాయనీ, బాట మీద ఉంటే కళ్ళూ ముక్కూ ఉండవనీ, తమతో సత్రానికి వచ్చి తలదాచుకొమ్మనీ చెప్పింది. ఉసిళ్ళ మాట చెవిన పడగానే కీర్తిధరుడు మారుమాట లేకుండా బండెక్కాడు.

తొలకరి కురిసి వెలిసిన ఆ సాయంకాలం కనుమ శోభ వర్ణించనలవి కాదు. నీలిమబ్బు తునకలను సిగలో తురుముకున్న శిఖరాలు, జేగురుమన్ను కరిగి కుంకుమ కలిపినట్టు పారే సెలయేళ్ళు, కడిమిచెట్ల కొమ్మకొమ్మకూ విచ్చిన పసిడి బంతులు, తడిసిన నేల నుంచి లేచే కమ్మని వాసన, ఎక్కడో లోయలో పురివిప్పిన నెమళ్ళ క్రేంకారాలు. గంధర్వులు చూస్తే దిగివచ్చి అక్కడే కాపురం పెట్టేవాళ్ళు. మన యువరాజుకు మాత్రం ఆ సొంపులో ఒక్కటీ కంటికి ఆనలేదు. బాట పక్కన పుట్టలు నోళ్ళు తెరుచుకుని ఉన్నాయి. ప్రతి నోట్లోనూ తెల్లగా ఏదో కదులుతోంది. అతడు చూపు మరల్చి ఎద్దు తోక వంక చూస్తూ కూర్చున్నాడు.

దారిలో కొమ్మక్క తన ప్రయాణం సంగతి చెప్పుకొచ్చింది. ఆమె తమ్ముడు పోలయ్య శాలిపురంలో పొలిమేర దివిటీకి నూనెపోసే కావలివాడు. ఇప్పుడు చెరసాలలో ఉన్నాడు. ఎల్లుండి పున్నమి నాడు ఏనుగు కాలికింద వేయిస్తారట. పురుగు తొలిచిన నగరానికి కానుగనూనె ఎంతైనా అవసరం కదా, ఈ బండ్లన్నీ రాజుగారి పాదాల దగ్గర దించి తమ్ముడి ప్రాణం అడుక్కుందామని ఆమె పోతోంది.

పోలయ్య పేరు వినగానే కీర్తిధరుడి తల కొట్టేసినట్టయింది.

ఇక్కడ ఒక ఆచారం గురించి చెప్పాలి. శాలిపుర రాజ్యంలో తొలకరి తర్వాత ఉసిళ్ళు లేచే సంధ్యవేళ కొమ్ము ఊదుతారు. ఊదగానే ఊరంతా దీపాలు మూసుకోవాలి. ఆర్పడం కాదు, దీపాన్ని ఆర్పమనే మాట ఆ దేశంలో ఎవరి నోటా రాదు. వెలిగే దీపం మీద గాలాడేంత చిల్లి ఉన్న కుండ బోర్లించి, తలుపులు బిడాయించుకుని కూర్చుంటారు. ఒక్క వెలుగు మాత్రం పొలిమేరలో ఉంటుంది. గంగాళం నిండా నీళ్ళు పోసి, దాని పక్కన దివిటీ పట్టుకుని ఒక మనిషి నిలబడాలి. ఉసిళ్ళన్నీ ఆ వెలుగుకే వచ్చి నీళ్ళలో పడతాయి. దివిటీని ఒక స్తంభానికి కట్టేసి రాకూడదా అంటే, కూడదు. రెక్కలు కమ్ముకుని వత్తి మునిగిపోతుంది. ఎత్తుతూ దించుతూ దులుపుతూ ఉండాలంటే మనిషి చెయ్యే కావాలి. ఆ చెయ్యి రాజవంశానిది కావాలి. ఊళ్ళో అందరికంటే ముందు విస్తరి వేసేది ఎవరికో, పురుగుకు ఎదురు నిలబడాల్సింది కూడా వాళ్ళేనని తాతల నాటి కట్టు.

ఈ ఏడు రాజుగారికి మోకాళ్ళ నొప్పులు వచ్చి వంతు యువరాజుకు పడింది. నూనెకుండతో పోలయ్య పక్కనే నిలబడ్డాడు. పురుగు వాలితే తను పడే పాట్లు ఆ పోలయ్య కళ్ళపడతాయేమోనని కీర్తిధరుడికి బెంగ. అందుకని, నువ్వు ఇంటికి పోయి భోంచెయ్యి, నేను చూసుకుంటాలే అన్నాడు. యువరాజు ఎంత మంచివాడోనని మురిసిపోతూ పోలయ్య వెళ్ళాడు. అటుపైన ఉసిళ్ళు లేచాయి. ఒకటి చొక్కా లోపలికి పోయింది. అంతే, మన వీరుడు కాళ్ళకు బుద్ధి చెప్పాడు. పోతూ పోతూ చేతిలో దివిటీ పారెయ్యాలన్న స్పృహ కూడా లేదు. వెలుగు పట్టుకుని కోటగుమ్మంలోంచి నగరంలోకి పరిగెత్తాడు. వెలుగు వెనక దండు, దండు వెనక శలభాక్షుడు. ధాన్యపు గాదెలు తెల్లవారేసరికి డొల్లలయ్యాయి. ఏటా ప్రతి పొలానికీ మొదటి పిడికెడు విత్తనం పంచే బీజకలశాన్ని మాంత్రికుడు ఎత్తుకుపోయాడు. అది లేకపోతే ఆ దేశంలో నాగలి కదలదు.

కుండల కింద దీపాలు పెట్టుకుని తలుపులేసుకున్న జనం ఏమీ చూడలేదు. నూనె పోసేవాడు చెప్పకుండా పోతే దివిటీ కొండెక్కిందనీ, యువరాజు పాపం ఊరిని హెచ్చరించడానికి పరిగెత్తుకొచ్చాడనీ అందరూ వాళ్ళంతట వాళ్ళే అనుకున్నారు. కొలువులో పోలయ్య చేతులు కట్టుకుని, యువరాజువారే తనను భోజనానికి పంపించారని చెప్పాడు. రాజుగారు కొడుకు వైపు తిరిగి, పంపించావా అని అడిగారు. కొలువంతా చూస్తోంది. పోలయ్య ధైర్యంగా చూస్తున్నాడు.

“లేదు,” అన్నాడు కీర్తిధరుడు.

ఒకటే మాట. ఆ మాట అన్నాక పోలయ్య మొహం చూడలేక అదే రోజు ఖడ్గం తీసుకుని బయల్దేరాడు. ముందు మాంత్రికుడి తల, బీజకలశం తెచ్చి నడికొలువులో పెట్టాలి. ఆ జయజయధ్వానాల మధ్య, నిజం అలా మెల్లగా చెప్పెయ్యాలి. అప్పుడు ఎవరూ ఏమీ అనరు. అదీ అతడి పన్నాగం. లోకం దృష్టిలో అది సాహసయాత్ర. తన దృష్టిలో అదేమిటో అతడికి బాగా తెలుసు, అందుకే ఏ సెలయేట్లోనూ తన నీడ చూసుకోవడం మానేశాడు.

“మావోడు అబద్ధం చెప్పడబ్బీ,” అంది కొమ్మక్క. “యువరాజు మర్చిపోయుంటాడు. పెద్దోళ్ళు గదా, నూరు పనులుంటాయి. కనపడితే కాస్త గుర్తుచేద్దామని పోతాండా.”

ఆమె శాపనార్థాలు పెట్టి ఉంటే బాగుండేది. కీర్తిధరుడు మలారంలో గాజులు సర్దుకుంటున్నట్టు తల వంచుకున్నాడు. అతడి పిడికిట్లో రెండు గాజులు చిట్లాయి.

సత్రం చేరేసరికి గాలి స్తంభించింది. ఆకు కదలడం లేదు. పాతకాలపు రాతిగోడలు, పైన తాటాకు కప్పు, ముందు బండ్లు నిలిపే మైదానం, అంచున ఒక పెద్ద రాతితొట్టి. కొమ్మక్క గొంతు లేవగానే బిడారంతా చకచకా కదిలింది. ఎద్దుల కళ్ళకు గోనెపట్టాలు కట్టారు, చెవుల్లో నూనెగుడ్డలు కుక్కారు. పసిబిడ్డల ఉయ్యాలలకు చీరలు చుట్టారు. అన్నం కుండల మూతుల మీద తడిగుడ్డలు బిగించారు. గుమ్మాల్లో పచ్చి వేపాకు పొగ వేశారు. పొయ్యిలో నిప్పుల మీద కూడా పెనం బోర్లించారు. రాతితొట్టి నిండా నీళ్ళు చేదిపోశారు.

ఇక దివిటీ పట్టే మనిషి కావాలి. బాటలో రాజులుండరు కాబట్టి బిడార్లకు వేరే కట్టు ఉంది. అందరిలోకీ కొత్తగా చేరినవాడే ఆ పూటకు రాజు. వాడే నిలబడాలి, ఆ పూట వాడికే తొలి పిడికెడు. బండ్లవాళ్ళు నవ్వుతూ వచ్చి సిద్ధయ్య తలకు చిరిగిన పట్టుగుడ్డ ఒకటి చుట్టారు. రాజావారు పొలిమేరకు దయచెయ్యాలి అని దండాలు పెట్టారు. ముసలి బండివాడు ఈరప్ప అతడి చేతికి దివిటీ ఇచ్చాడు.

భూమి విచ్చి మింగేస్తే బాగుండునని కీర్తిధరుడికి అనిపించింది. రాజ్యం విడిచి, వేషం మార్చి, కొండలూ కోనలూ పడి తిరిగితే, ఆ దివిటీయే మళ్ళీ వెతుక్కుంటూ వచ్చింది.

పక్కన ఎవరినైనా ఉంచమంటావా అని కొమ్మక్క అడిగింది. మీరంతా లోపలికి పొండి, నేను చూసుకుంటాలే. ఆ మాటలు అతడి నాలుక చివరిదాకా వచ్చాయి. పోలయ్యను పంపేసినప్పుడు అన్నవీ ఇలాంటి మాటలే. అతడు వాటిని మింగేశాడు.

“అక్కా, నాకు పురుగులంటే భయం. ఒంటరిగా నిలబెడితే పారిపోతాను. ఎవరైనా ఉండండి.”

కొమ్మక్క ఏమీ ఎగతాళి చెయ్యలేదు. “చెబితివి గదా, ఇంక పారిపోవులే,” అంది. కానుగనూనెలో ముంచిన దూది అతడి చెవుల్లో పెట్టి, తన చెవుల్లోనూ పెట్టుకుని, ఇద్దరి మూతులకూ గుడ్డలు కట్టి, నూనెకుండ పట్టుకుని తనే పక్కన నిలబడింది. సత్రం తలుపులు మూసుకున్నాయి.

పడమట ఎర్రదనం ఇంకా మాసిపోకముందే పుట్టలు పొంగాయి. ముందు ఆవిరి లేచినట్టు సన్నగా లేచింది. ఆ ఆవిరి చిక్కబడి తెర అయింది. తెరలు తెరలు కలిసి కొండ మొదలు నుంచి మబ్బు దాకా ఒక వెండి గోడ నిలబడింది. కోటానుకోట్ల రెక్కల మీద అస్తమయపు కాంతి పడి ఇంద్రధనుస్సు పొడి చేసి చల్లినట్టు తళతళలాడింది. చూసేవాడికి భయం లేకపోతే అంతకంటే అందమైన దృశ్యం భూలోకంలో ఉండదు. ఆ గోడ వంగింది. దివిటీ వైపు తిరిగింది. సముద్రం హోరెత్తినట్టు శబ్దం చేస్తూ వచ్చి మీద పడింది.

కీర్తిధరుడి కేక గుడ్డలోనే ఆగిపోయింది. కనురెప్పల మీద, మెడ మీద, చంకల్లో, పంచె మడతల్లో, ఎక్కడ చూసినా పాకడమే. ఒళ్ళు గగుర్పొడిచింది. కాళ్ళు వాటంతటవే వెనక్కి ఒక అడుగు వేశాయి. కొమ్మక్క చెయ్యి చాచి అతడి నడుం గుడ్డ పట్టుకుంది. అతడు మళ్ళీ ముందుకొచ్చాడు. దివిటీ ఎత్తాడు, దులిపాడు, దించాడు. ఆమె నూనె పోసింది. రెక్కలు చిటచిటా కాలాయి. తొట్టిలో నీళ్ళు కనబడకుండా పోయాయి. చెయ్యి మొద్దుబారితే చెయ్యి మార్చాడు. మధ్యలో ఎప్పుడో ఏడుస్తున్నానని అతడికే తెలిసింది, ఆ రొదలో ఎవరికీ వినబడదు కదా అని ధైర్యంగా ఏడ్చాడు.

అలా కాసేపు గడిచాక కుడిచెవిలో దూది జారి పడింది. వెంటనే ఏదో బరువైనది చెవితమ్మె మీద వాలింది.

“యువరాజా, బాగున్నావా?” అంది అది.

ఓరకంట చూశాడు. బొటనవేలంత ఉసిలి. ఎర్రని కళ్ళు రెండు నిప్పుకణాల్లా వెలుగుతున్నాయి. దాని మెడలో ఆవగింజంత బంగారు బొట్టు వేలాడుతోంది. పోల్చుకున్నాడు, అది బీజకలశం. ఇది శలభాక్షుడు.

ఆ రోజు నువ్వు పరిగెత్తడం చూసినవాణ్ణి నేనొక్కణ్ణే అంది పురుగు. నేను చస్తే ఆ సాక్ష్యం నాతోనే చస్తుంది. ఇదుగో, నీ మణికట్టు మీదికి దిగుతున్నాను. ఈ రూపంలో నాకు మంత్రం పనిచెయ్యదు. దివిటీ కింద పడేసి ఖడ్గం తియ్యి. ఒక్క వేటు చాలు. తల దొరుకుతుంది, కలశం దొరుకుతుంది, ఊరేగింపు దొరుకుతుంది. నువ్వన్న ఆ ఒక్క మాట గురించి ఇక ఎవరూ అడగరు.

అన్నట్టే మణికట్టు మీదికి దిగి నిలబడింది. వేటుకు అందేంత దగ్గర్లోనే ఉంది, ఆ మాట అబద్ధం కాదు. ఎడమచేతికి అందే దూరంలోనే మలారం ఉంది. అయితే దివిటీ పడిపోతే దండు ఎటు తిరుగుతుందో కీర్తిధరుడికి తెలుసు. తాటాకు కప్పు సందుల్లోంచి సన్నగా వెలుగు వస్తోంది, లోపల ఎవరో కుండ సరిగ్గా బోర్లించలేదు. ఆ కప్పు కింద ఉయ్యాలలున్నాయి. చెవుల్లో దూది ఉన్న కొమ్మక్కకు ఈ సంభాషణ ఏమీ వినబడలేదు, ఆమె వంగి నూనె పోస్తూనే ఉంది.

ఎడమచెయ్యి మలారం దాకా పోయింది. గాజులు గలగలమన్నాయి. తర్వాత ఆ చెయ్యి వెనక్కి వచ్చి దివిటీని రెండో పక్క నుంచి పట్టుకుంది.

పురుగు కిచకిచ నవ్వింది. “సరే, ఇక్కడే ఉండు. శాలిపురానికి ఒక యువరాజు కావాలి. నువ్వు పోకపోతే నేను పోతా.” రెక్కలు విప్పి తూర్పు దిక్కుగా ఎగిరిపోయింది.

చీకటి పడే సమయానికి దండు అణిగిపోయింది. నేలంతా రాలిన రెక్కలు, అడుగు వేస్తే జారుతోంది. సత్రం తలుపులు తెరుచుకున్నాయి. బండ్లవాళ్ళు అతణ్ణి భుజాల మీదికి ఎత్తుకున్నంత పనిచేశారు. ఇలాంటి రాజును ఈ బాటలో చూడలేదు అన్నాడు ఈరప్ప. ఆడవాళ్ళు తొట్టిలోంచి ఉసిళ్ళు చేది, రెక్కలు చెరిగి, పెనం మీద ఉప్పూ కారం వేసి వేయించారు. ఆ కమ్మని వాసనకు అందరికీ ఆకలి పుట్టింది. కొమ్మక్క మోదుగాకులో తొలి పిడికెడు పెట్టి తెచ్చి అతడి ముందు ఉంచింది.

“ఇట్టాంటోడు ఆ పూట శాలిపురంలో నిలబడుంటే,” అంది, “మావోడు ఇంట్లో ఉండును.”

కీర్తిధరుడు ఆకు ముట్టుకోలేదు. పురుగులంటే భయపడి తినడం లేదని జనం నవ్వారు. అతడు తల చుట్టిన పట్టుగుడ్డ విప్పి ఆకు పక్కన పెట్టాడు. తీసుకుపోవడానికి తల లేదు, కలశం లేదు, జయజయధ్వానాలు లేవు. వట్టి మాటే మిగిలింది.

“ఇది నాది కాదక్కా. పోలయ్యను ఇంటికి పొమ్మన్నది నేను. దివిటీతో ఊళ్ళోకి పరిగెత్తింది నేను. కొలువులో లేదని చెప్పింది నేను. నేను కీర్తిధరుణ్ణి.”

నవ్వులు ఆగిపోయాయి. మలారం విప్పి, గాజుల కింద నుంచి రాజముద్ర ఉన్న ఖడ్గం తీసి ఆమె కాళ్ళ దగ్గర పెట్టాడు. కొమ్మక్క దాని వంక చూడనైనా చూడలేదు. అతడి జుట్టులో ఇరుక్కున్న రెక్కలు ఒక్కటొక్కటే తీస్తూ నిలబడింది. ఆ పొద్దే ఎందుకు చెప్పలేదని అడిగింది.

“సిగ్గేసింది.”

“సిగ్గా,” అంది ఆమె. చేతిలో రెక్కలు కింద వదిలేసింది. “నిండు కొలువులో అబద్ధాలకోరని పిలిపించుకునేదానికి మావోడికి సిగ్గెయ్యదనుకుంటివా?”

ఇన్నాళ్ళూ తన సిగ్గు గురించే ఆలోచించాడు గానీ, ఆ కొలువులో సిగ్గుపడిన మనిషి ఇంకొకడున్నాడన్నది అతడికి ఒక్కసారైనా తట్టలేదు. తల నేలకు వంగిపోయింది.

కొమ్మక్క ఎద్దుపలుపు తెచ్చి అతడి చెయ్యి ముందుబండి వెనక గుంజకు కట్టింది. పారిపోతావని కాదనీ, దోవలో మనసు మారబోతే ఈ పలుపైనా గుర్తుచేస్తుందనీ చెప్పింది. తొలి పిడికెడు ఉన్న ఆకును పొట్లం కట్టి, అది పోలయ్యకే అందాలని అతడి నడుముకు దోపింది. రెక్కల మీద ఎద్దుల కాళ్ళు జారతాయి కాబట్టి గాలి లేచి బాట ఆరేదాకా ఆగక తప్పలేదు.

తెలతెలవారుతుండగా బండ్లు కదిలాయి. కీర్తిధరుడు బండి వెనక నడుస్తున్నాడు. బండ్లవాళ్ళెవరూ అతడితో మాట్లాడలేదు. కనుమ దిగి పెద్దబాటలో కలిసేచోట తప్పెట చప్పుడు వినిపించింది. రాజభటుడొకడు గుర్రం ఆపి చాటింపు వేస్తున్నాడు.

“వినండహో. యువరాజు కీర్తిధరులవారు మాంత్రికుణ్ణి జయించి బీజకలశంతో తిరిగి వేంచేశారు. దీపం విడిచిన పోలయ్యకు పున్నమి దాకా గడువు అక్కర్లేదనీ, ఈ రోజు నడిపొద్దుకే ఏనుగు కాలికింద వెయ్యాలనీ యువరాజువారి ఆజ్ఞహో.”

తప్పెట దూరమయింది. బిడారంతా తిరిగి పలుపుకు కట్టి ఉన్న మనిషి వంక చూసింది. వీడెవడో పిచ్చివాడు, లేదంటే ఖడ్గం దొంగిలించినవాడు అని ఈరప్ప తేల్చేశాడు. అసలు యువరాజు కోటలోనే ఉంటే వీడెవడు మరి అని తలా ఒక మాట అన్నారు.

ఒక్క క్షణం, ఒకే ఒక్క క్షణం, కీర్తిధరుడి మనసుకు ఎక్కడలేని తేలిక కలిగింది. ఔను, నేను సిద్ధయ్యనే అంటే చాలు. తన పేరు, తన కిరీటం, తన అబద్ధం, అన్నీ ఇప్పుడు ఇంకొకడు మోస్తున్నాడు. గాజులమ్ముకుంటూ ఏ ఊరైనా పోవచ్చు. నడుముకు దోపిన పొట్లం అప్పుడే చురుక్కున తగిలింది.

“వాడు శలభాక్షుడక్కా. నా రూపంలో వెళ్ళాడు. పలుపు విప్పు. నడిపొద్దు లోపల నేనక్కడ ఉండాలి.”

నమ్మొద్దని ఈరప్ప అడ్డుపడ్డాడు. కొమ్మక్క అప్పటికే ముడి విప్పుతోంది.

“రాజునని చెప్పుకునే దొంగలు చానామంది ఉంటారు మామా. తప్పు నాదని చెప్పుకునేదానికి దొంగకేమి పని?”

ముందుబండి కోడెను కాడి నుంచి విప్పి తను ఎక్కింది, అతణ్ణి వెనక ఎక్కించుకుంది. చర్నాకోల చెళ్ళుమంది. కోడె బాట వదిలి చేలకు అడ్డం పడింది. గట్లు దూకింది, వాగులో ఈదింది, ముళ్ళకంప చీల్చుకుని పోయింది. ఎక్కడినుంచి వచ్చిందో ఒక ఉసిలి కీర్తిధరుడి మెడ మీద వాలి చొక్కా లోపలికి పాకింది. ఒళ్ళంతా జలదరించింది, కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. రెండు చేతులూ ముందు కూర్చున్న కొమ్మక్క నడుం గుడ్డను వదల్లేదు.

దిబ్బ ఎక్కేసరికి శాలిపురం కనబడింది. కోట ముందు మైదానంలో జనం కిక్కిరిసి ఉన్నారు. ఏనుగును అలంకరించి నిలబెట్టారు. దాని ముందు చేతులు వెనక్కి కట్టిన మనిషి మోకాళ్ళ మీద ఉన్నాడు. అంత దూరం నుంచి కూడా కొమ్మక్క తన తమ్ముణ్ణి పోల్చుకుంది, ఆమె వీపు ఒక్కసారి బిగుసుకుపోవడం అతడికి తెలిసింది.

ఆ పైన బురుజు మీద కిరీటం పెట్టుకుని, కుడిచేతిలో బీజకలశం ఎత్తి చూపిస్తూ, జనానికి చిరునవ్వుతో అభయమిస్తున్నది అచ్చం తనే. అదే ఎత్తు, అదే మీసకట్టు. రాజుగారు పక్కనే నిలబడి ఆ కొడుకు భుజం మీద చెయ్యి వేశారు. తండ్రి మొహంలో అంత గర్వం కీర్తిధరుడు తన జన్మలో చూడలేదు.

ఆ గర్వాన్నే ఇప్పుడు తను వెళ్ళి పడగొట్టాలి. చిరిగిన పంచెతో, ఎద్దు వాసనతో, ఎవరూ నమ్మని మొహంతో.

కోడె దిబ్బ దిగి మైదానం అంచుకు చేరేసరికి కొమ్ము ఊదారు. ఏనుగు కాలు ఎత్తింది.

“అరువబ్బీ,” అంది కొమ్మక్క. “నమ్మేది మానేది వాళ్ళు చూసుకుంటారు. నువ్వు అరువు.”

కీర్తిధరుడు పరిగెత్తే కోడె మీద లేచి నిలబడి, నోరు తెరిచాడు. ఆ రోజు కొలువులో చెప్పాల్సిన మాట అదే గొంతుతో, మైదానమంతా తిరిగి చూసేంత గట్టిగా, బయటికొచ్చింది.

“పోలయ్యను నేనే పొమ్మన్నాను.”

ఎత్తిన ఏనుగు కాలు గాలిలోనే ఆగింది. బురుజు మీది కీర్తిధరుడి చిరునవ్వు చెదరలేదు. కళ్ళు మాత్రం ఎర్రబడ్డాయి. మోకాళ్ళ మీద ఉన్న పోలయ్య మెల్లగా తలెత్తి, ఆ గొంతు వచ్చిన వైపు చూశాడు.